చూసే పని
దీవెన పోలీసుల మనిషంటూ గుణదలలో తిరిగే మాట ఒట్టిది. కంప్యూటరు ముందు పిల్లలు కలిసి ఎలా నేర్చుకుంటారో చూడటం ఆమె పరిశోధన. పెన్ను మూత కొరుక్కుంటూ రోజూ బళ్లో వెనక బెంచీ మీద కూర్చుంటుంది, ఎందులోనూ కలగజేసుకోదు. ఒక్కో కంప్యూటరుకు ముగ్గురు పిల్లలు. ఒక జట్టులో మౌసు ఎప్పుడూ మగపిల్లలిద్దరిదే. మూడో పిల్ల చిన్ని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మొన్న టీచరు "నువ్వూ చెయ్యవే" అంటే, ఆ పిల్ల దీవెనను చూపించి, "నాది కూడా ఆ మేడంలాగా చూసే పనేనండీ" అంది. సంగతి విన్న పక్కింటి సంపూర్ణమ్మ నిలదీసింది: "ఏడాదంతా చూశావు కదే, ఆ పిల్లకి మౌసు ఇవ్వండ్రా అని ఒక్క మాట అనలేకపోయావా?"

దీవెన తన చెప్పులకేసి చూస్తూ అంది: "అలా అంటే నా పరిశోధన పాడైపోతుందని ఊరుకున్నాను ఆంటీ."