తొంభై ఐదులో పెట్టిన స్టీరింగ్

రాప్తాడులో మా ఇంటి హాల్లో బల్లకు బిగించిన స్టీరింగ్ ఒకటి ఉంది. కంప్యూటర్లో కారు పందేల ఆట కోసం కొన్నాను. దాని లోపల మోటారు ఉంటుంది. ఆటలో కారు మలుపు తిరిగినప్పుడు స్టీరింగ్ మన చేతులకు ఎదురు లాగుతుంది. దాన్ని ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. ఎంత గట్టిగా లాగాలో సున్నా నుంచి వంద దాకా సెట్టింగుల్లో మనమే పెట్టుకోవచ్చు. నేను నలభై దాటను. దాటితే అరగంటకే మణికట్లు పీకుతాయి.

నా భార్య బెళుగుప్ప దగ్గర ఒక పల్లె బడిలో టీచరు. పొద్దున్నే రెండు బస్సులు, ఆపైన ఆటో. నేను కారు కొన్న వారానికే తనకూ తోలడం నేర్పమంది. నాకు మనసొప్పలేదు. కారుకు గీతలు పడతాయని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి అది కాదు. తను కారులో పోతే నేను మళ్లీ స్కూటరెక్కాలి. ఆఫీసు ముందు కారు దిగడం అప్పుడప్పుడే అలవాటవుతోంది. ఆ సోకు వదులుకోలేకపోయాను.

వద్దని ముఖం మీద చెప్పే ధైర్యం లేదు. ముందు ఈ ఆటలో రోడ్డు దిగకుండా పది నిమిషాలు తోలు, తర్వాత కారు ఇస్తానన్నాను. తను కొంగు దోపుకుని వచ్చేలోగా సెట్టింగుల్లోకి పోయి నలభైని తొంభై ఐదు చేశాను. అసలు కారు ఇంకా బరువుగా ఉంటుందని కూడా అన్నాను. నిజానికి మా కారు స్టీరింగ్ ఒంటి చేత్తో తిరుగుతుంది.

మొదటి మలుపులోనే స్టీరింగ్ తన చేతుల్లోంచి గుంజుకుపోయింది. బల్ల అదిరింది. ఐదారు ఆదివారాలు పళ్లు బిగబట్టి ప్రయత్నించింది. అరచేతులు కందిపోయేవి. నేను వెనక నిలబడి భుజాలు వదులు చెయ్యమని సలహాలిచ్చాను. అంత సిగ్గుమాలిన పని జన్మలో ఇంకోటి చెయ్యలేదు. చివరికి ఒకరోజు లేచి, తన చేతుల్లో అంత బలం లేదులే అంది. నేను అయ్యో అని కూడా అన్నాను.

పోయిన ఎండాకాలం గుమ్మఘట్టలో మా అత్తకు బాగాలేదని ఫోన్ వచ్చినప్పుడు నేను బెంగళూరులో ఉన్నాను. కారు ఇంటి ముందే ఉంది. తను బస్సులు మారి మారి చేరేసరికి అత్తకు మాట పడిపోయింది. రెండు రోజులకు పోయింది. మాట ఉన్నంతసేపూ కూతురు ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతూనే ఉందట. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

దినాలైపోయాక ఉండబట్టలేక తనకు అంతా చెప్పేశాను. పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూ వింది.

"నాకు తెలుసులే. నువ్వు ఇంట్లో లేనప్పుడు తగ్గించుకొని తోలినా. బాగానే తోలినా. నువ్వొచ్చే లోపల మళ్లీ పెంచి పెడతాంటి."

మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.

"కారు ఇచ్చేకి నీకు ఇష్టం లేదని తెలిసిపాయ. ఇంగ అడిగి ఏం చేసేది?" అంది. ఇంకో పుస్తకం తీసుకుంది. తల ఎత్తకుండానే అంది.

"మాయమ్మకు గూడా చెప్పలేదు. అల్లుడు మంచోడనుకుంటానే పోయింది."