ఉపవాసంలో చుక్కలమందు

ఈ ఉదయం కంట్లో మందు వేసుకోగానే గొంతులోకి చేదు దిగింది. సువార్తమ్మ టీచర్ గుర్తొచ్చారు. తొంభైలలో చిల్కానగర్‌లోని మా బడికి ఆవిడ పెద్ద టీచర్, నేను కొత్త పంతులమ్మను. ఆవిడ నోటికి జడిసి సుద్దముక్క కూడా చప్పుడు కాకుండా పెట్టేదాన్ని. పాఠం చెప్పడం నేర్పింది మాత్రం ఆవిడే.

ఆవిడకు గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పక్కల నుంచి తరిగిపోయే జబ్బు. వాళ్ల నాయనకు దానితోనే చూపు మొత్తం పోయింది. అందుకని పూటపూటా చుక్కలు వేసుకునేవారు. అలాంటి మనిషి, ఈస్టర్ ముందు శ్రమల దినాల్లో ఒక మధ్యాహ్నం, ఎడమపక్క నిలబడ్డ నన్ను గుద్దుకుని, "ఎప్పుడొచ్చినవ్?" అన్నారు. నేను వచ్చి చాలాసేపయింది.

"మందు ఏసుకుంటలేరా టీచర్?"

"ఉపవాసమున్న గద. పొద్దటిది ఏసుకుంటలేను. ఏటా గంతే."

"కంట్లో ఏసేదానికి ఉపవాసమేంది?"

"గొంతులకు దిగుతది విమలా. చేదు తెలుస్తది. గట్లయినంక ఉపవాసమేడిది?"

నాకు ఒళ్లు మండింది. ఆవిడ వద్దంటున్నా ఆటో ఎక్కించి నాచారం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఒత్తిడి కొలిచి టీచర్ వైపు తిరిగారు.

"ఒత్తిడి పెరిగితే కంటి నరానికి రక్తం సరిగ్గా అందదమ్మా. మందు ఆ ఒత్తిడిని దించుతుంది."

"మందు ఏస్తే రక్తం మంచిగ పారుతదా?" అన్నారు టీచర్.

"ఎంత మారుతుందో మాకే ఇంకా పూర్తిగా తెలియదు. ఆపితే ఏమవుతుందో తెలుసు."

చుక్క వేసి, కన్ను మూయించి, ముక్కు పక్కనున్న కంటికొనను వేలితో నొక్కి చూపించారు. "ఇలా కాసేపు పట్టుకుంటే గొంతులోకి అంతగా దిగదు. మందు ఒంట్లో కలిసి గుండె వేగాన్ని తగ్గించడం కూడా తక్కువవుతుంది. ఉపవాసంలో కళ్లు తిరిగేవాళ్లకు అది మంచిది."

"పోయిన చూపో?" అన్నాను.

"రాదమ్మా."

బయట మల్లాపూర్ వెళ్లే లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. టీచర్ రోడ్డు దాటకుండా నిలబడిపోయారు. ఆవిడ భయపడటం నేనెప్పుడూ చూడలేదు. చూడలేకపోయాను. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు.

"మా నాయనను చెయ్యి పట్టి తిప్పింది నేనే. నాకు గా గతి వద్దు." కాసేపటికి గొంతు తగ్గించి, "జర ఎడమదిక్కు రా. చెయ్యి మాత్రం పట్టకు," అన్నారు.

మర్నాడు పొద్దున ఉపవాసంతోనే, టీచర్లందరి ముందూ చుక్క వేసుకుని, ప్రార్థన అయ్యేదాకా కంటికొన నొక్కిపట్టుకున్నారు. ఆ మిగిలిన చూపు ఆవిడకు చివరిదాకా నిలిచింది.

ఇప్పుడు నేనూ అలాగే నొక్కుతాను. ఏమరుపాటున ఎప్పుడైనా చేదు దిగుతుంది. ఎవరితో నడిచినా ఎడమపక్కకే చేరతానని మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ. అడగనిదే ఎవరి చెయ్యీ పట్టుకోను.