చుట్టం తెచ్చిన పెన్‌డ్రైవ్

జూలూరుపాడు పక్క తండాలో కంప్యూటర్ ఉన్నది రెడ్యా సారింట్లోనే. అత్తారింటికి పోయేటప్పుడు పాడమని పెళ్లికూతుళ్లకు, చనిపోయిన అతని తల్లి బాలి నేర్పిన ఏడుపు పాటలు ఆమె గొంతుతోనే అందులో ఉండేవి. పెళ్లి కుదిరినవాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుపోయేవారు. పెళ్లయ్యాక ఏడుపు ఇంట్లో ఉండకూడదని తమ దగ్గరివి చెరిపేసేవారు.

పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడల్లా ఉచిత యాంటీవైరస్ దాన్ని తనిఖీ చేసేది. చుట్టం ఎదురుగా కూర్చుని చూస్తుంటే రెడ్యాకు తల కొట్టేసినట్టుండేది.

"ఇంటికొచ్చినోళ్ల సంచి ఎతుకుతమా ఏంది" అని ఆ యాంటీవైరస్‌నే తీసేశాడు.

మొన్న మాఘంలో ఎవరి పెన్‌డ్రైవ్‌తోనో వచ్చిన వైరస్ పాటలన్నిటినీ తినేసింది. ఎవరిదో అతను ఆరా తీయలేదు.

కొత్తగూడెం షాపులో మూడు రకాల యాంటీవైరస్‌లు చూపిస్తే, అన్నిట్లో గట్టిదే కొన్నాడు.

"పోయినయి తెస్తదా?" అని అడిగాడు.

"తేదు సార్. ఇగ కొత్తగ ఏదీ పోనియ్యదు," అన్నాడు షాపతను.

వారం తిరక్కుండా బాలి తమ్ముడి కొడుకు ఎర్రుపాలెం నుంచి వచ్చాడు. బిడ్డ పెళ్లికి మేనత్త పాటలు కావాలన్నాడు. రెడ్యా అతను అందించిన పెన్‌డ్రైవ్ తీసుకుని పెట్టాడు.

కంప్యూటర్ దాన్ని ఆసాంతం వెతికి, అంతా భద్రంగా ఉందని చెప్పింది.