సద్ది పంపొద్దన్న మేడమ్

అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు నెత్తిన పట్టాలేవీ లేకుండా బోడిగా నిలబడి ఉన్న ఆ రోజుల్లో, నాకంటూ ఆస్తి ఏదైనా ఉందంటే అది నా తెలుగే అని గట్టి నమ్మకం ఉండేది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నా గదిలోని ఆడపిల్లలందరూ మైత్రీవనంలో ఏవో కంప్యూటర్ కోర్సులు చేస్తూ నిద్రలో కూడా ఇంగ్లీషులోనే కలవరించేవాళ్ళు. బి.ఇడి. చేసి బడిలో చేరిన పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే. వాళ్ళ ముందు చెప్పుకోవడానికి నాకేముంది? అందుకే "మాది గోదావరి తెలుగండీ, కల్తీ ఉండదు" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేదాన్ని. షేర్ ఆటోవాడు "జర జరుగుండ్రి మేడమ్" అంటే, మనసులోనే ఎర్ర ఇంకుతో దిద్ది "కాస్త జరగండి" అని రాసుకునేదాన్ని. (పైకి అనే ధైర్యం లేదులెండి. దింపేస్తాడు.) ఆ తెలుగే నెత్తికెక్కి కూర్చుని, ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొచ్చే పని, నవ్వాక మనసు చివుక్కుమనే పని ఒకటి నా చేత చేయించింది.

మా బడి అమీర్‌పేట సందుల్లో ఒక మూడంతస్తుల ఇల్లు. కింద కార్లు పెట్టుకునే చోట ప్రార్థన, మేడ మీద రేకుల షెడ్డులో మీటింగులు. యజమానిని అందరం కరస్పాండెంట్ గారు అనేవాళ్ళం. ఆయనది గుంటూరు వైపు. జూన్‌లో బళ్ళు తెరిచే ముందు పంజాగుట్ట పెద్ద బడులన్నీ తల్లిదండ్రులను పిలిచి ఓరియంటేషన్ పెడుతున్నాయనీ, మనం పెట్టకపోతే పిల్లలంతా అటు పోతారనీ ఆయనకు బెంగ. బూట్లకు పాలిష్, గోళ్ళు కత్తిరించడం, నీళ్ళ సీసా మీద పేరు రాయడం, వ్యాను ఎక్కనని మొండికేస్తే ఏం చెయ్యాలి, ఇవన్నీ ఎవరో ఒకరు నిలబడి చెప్పాలి. "మీ తెలుగు బావుంటుంది కదమ్మా, మీరే చెప్పండి" అన్నారాయన నాతో. చేరి ఎన్నాళ్ళో కాలేదు నేను. ఆ మాటతో నా కాళ్ళు భూమ్మీద ఆనలేదు.

ఆ సంతోషం పంచుకోవడానికి ఈ ఊళ్ళో నాకున్నది ఒకే మనిషి, మా హాస్టల్ కింది షట్టర్లో జాకెట్లు కుట్టే టైలరక్క. సిరిసిల్ల నుంచి వచ్చిన కుటుంబం. ఆమె భర్త సనత్‌నగర్‌లో ఏదో కార్ఖానాలో పనిచేసేవాడు. చేతులు బిగుతైన జాకెట్టు వదులు చేయించుకోవడానికి వెళ్ళిన రోజు మొదలు, నా సాయంత్రాలన్నీ ఆవిడ కుట్టుమిషన్ పక్క స్టూలు మీదే. నన్ను "చెల్లె" అనేది. మా హాస్టల్ సాంబారు చూసి "గిది చారా, నీళ్ళా?" అని తిట్టి, పొగలు కక్కే అన్నంలో పప్పు కలిపి పెట్టేది. ఆవిడకొక్కతే కూతురు. అందరం బుడ్డిది అనేవాళ్ళం. మాటకారే గానీ, బడి పేరెత్తితే చాలు, తలుపు రెక్క పట్టుకుని వదిలేది కాదు. అప్పటికే రెండు బడులు అయ్యాయి. ఒకచోట ఆయా గదిమిందని మానేసింది, ఇంకోచోట ఎంతకీ ఏడుపు ఆపడం లేదని వాళ్ళే పంపించేశారు. "నేనే ఐదో తరగతిల బడి బందు పెట్టిన చెల్లె. ఇది సుత గట్లనే అయితదా ఏంది?" అనేది అక్క, మిషన్ తొక్కుతూ. నేను గుండెల మీద చెయ్యేసుకుని "మా బడిలో, నా క్లాసులోనే వెయ్యండక్కా. నేను లేనూ?" అన్నాను. అక్క నన్ను నమ్మింది. ఈసారైనా పిల్ల బడిలో కుదురుకుంటే చాలు, ఆవిడకింకేం అక్కర్లేదు. నన్ను చూసే చేర్పించింది.

ఓరియంటేషన్ రోజున రేకుల కింద ఉక్కపోత, ప్లాస్టిక్ కుర్చీలు, మూలన సమోసాల వాసన. వచ్చినవాళ్ళలో సగం మంది మా కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు, సగం మంది తెలంగాణ వాళ్ళు. నేను గంజి పెట్టిన చీర కట్టుకుని, మైకు పట్టుకుని, గోళ్ళ దగ్గర మొదలుపెట్టి వ్యాను దాకా వచ్చాను. "ఏమైనా సందేహాలుంటే అడగండి" అంటే ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు టైలరక్క లేచింది. నా పరువు నిలబెట్టడానికే లేచిందని నాకు తెలుసు. నలుగురిలో కాబట్టి చెల్లె అనకుండా, ఎంతో గౌరవంగా "మేడమ్, పిల్లలకు సద్ది పంపాల్నా?" అని అడిగింది.

ఇక్కడ మీకో ముక్క చెప్పాలి. మా వైపు చద్ది అంటే రాత్రి మిగిలిపోయిన అన్నం. అక్క వైపు సద్ది అంటే మధ్యాహ్నం తినడానికి గిన్నెలో కట్టి పంపే అన్నం, లంచ్ బాక్సు అంటామే, అది. ఈ సంగతి నాకప్పటికి తెలియదు. తెలిసిందల్లా వీళ్ళు మన 'చ'ని 'స' అంటారని. అయ్యో పాపం, పిల్లకు రాత్రన్నం కట్టి పంపుతానంటోందే అని నాకు జాలి పొంగుకొచ్చింది. (పదో తరగతి దాకా పొద్దున్నే చద్దన్నంలో పెరుగూ ఆవకాయా వేసుకుని లాగించిన ఒళ్ళే ఇది. మైకు చేతికొచ్చాక మనిషికి వెనకటివి గుర్తుంటాయా?)

"అయ్యయ్యో, చద్ది పంపకండమ్మా! ఎట్టి పరిస్థితుల్లోనూ పంపకండి" అన్నాను మైకు అదిరిపోయేలా. "పిల్లల తిండి ఎప్పుడూ వేడిగా, తాజాగా ఉండాలి. ఈ విషయంలో మా బడి చాలా పట్టుదలగా ఉంటుంది!" కరస్పాండెంట్ గారు తల పంకించారు. మా వైపు వాళ్ళు ఇది కూడా చెప్పాలా అన్నట్టు సమోసాల దిక్కు చూశారు. తక్కినవాళ్ళ ముఖాలు మాత్రం వెలిగిపోయాయి. వెనక వరసలో ఒక తాతయ్య "మంచిగైంది పో, మా కోడలికి పొద్దుగాల లేసి వండే తిప్పల తప్పింది" అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు. నా తెలుగుకే అనుకుని వంగి దండం పెట్టాను. ఆ సాయంత్రం అక్క "మస్తు చెప్పినవ్ చెల్లె, ఇగ నాకు ఫికర్ లేదు" అంటే, నేను ఇంకాస్త పొంగిపోయాను.

బడి తెరిచిన రోజు బుడ్డిది ఏడవలేదు. అక్క కుట్టిన కొత్త యూనిఫాం వేసుకుని, రెండు జడలతో, అమ్మ వేలు పట్టుకుని వచ్చింది. అక్క దాని చెవిలో ఏదో చెప్పి నాకప్పగించి, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్ళింది. పిల్ల బుద్ధిగా కూర్చుంది, బొమ్మలకు రంగులేసింది, పక్కపిల్లతో ఒకసారి నవ్వింది కూడా. చూశారా నా మహిమ అనుకున్నాను.

లంచ్ బెల్ మోగింది. ఊరంతా రాష్ట్రం విడిపోవడం గురించే మాట్లాడుకుంటున్న రోజులవి. నా క్లాసు ఆ బెల్లుతోనే విడిపోయింది. సగం మంది బాక్సులు తెరిచారు. సగం మంది చేతులు కడుక్కొచ్చి, వరసగా కూర్చుని, నా ముఖంలోకి చూస్తున్నారు. "ఏంట్రా, మీ బాక్సులేవీ?" అన్నాను. "బడిలనే పెడ్తరంట కదా మేడమ్, ఏం కూర?" అన్నాడొకడు. పక్క క్లాసులోనూ అదే మాట, పై క్లాసుల్లోనూ అదే మాట. మేడ మొత్తం ఏం కూర, ఏం కూర అని అడుగుతోంది. కరస్పాండెంట్ గారు బి.పి. మాత్ర నోట్లో వేసుకుని "ముందేదో ఒకటి తెప్పించండి మహాప్రభో" అని అరిచారు. ఆయా ఒక దిక్కు, వ్యాను డ్రైవరు ఒక దిక్కు, నేనొక దిక్కు పరిగెత్తాం. టిఫిన్ సెంటర్లో మిగిలిన ఇడ్లీలు, బండి మీది అరటిపళ్ళు, బేకరీలో బన్నులు, ఏది దొరికితే అది. గంజి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఇడ్లీ పొట్లాలతో నేను రోడ్డు దాటుతుంటే మెట్రో కూలీలు పనాపి చూశారు. మా క్లాసులో ఆయా పంచింది, పైన నేను పంచాను. పిల్లలకు పండగే పండగ. "రేపు సుత ఇడ్లీయేనా మేడమ్?" అని అడిగారు. ఇక పాఠాలెక్కడివి? సాయంత్రం దాకా నేను పై క్లాసుల్లోనే ఉండిపోయాను. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. లోలోపల నవ్వు కూడా మొదలైంది.

ఇంటి బెల్ కొట్టాక కిందికి దిగితే, ఆఫీసు గది ముందు బల్ల మీద బుడ్డిది కూర్చుని ఉంది. కడుక్కున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముఖం వాడిపోయి ఉంది. "ఏమ్మా, ఇక్కడున్నావేం?" అన్నాను. "మేడమ్, నన్ను బువ్వకు ఎప్పుడు పిలుస్తరు?" అంది. పొద్దున అక్క చెవిలో చెప్పింది అదేనట. మేడమే పిలిచి పెడ్తది, అప్పటిదాంక ఎవ్వర్నీ అడుగకు, ఎవ్వరిచ్చినా తీసుకోకు అని. ఆయా ఇడ్లీ ఇవ్వబోతే తల అడ్డంగా ఊపి, నన్ను వెతుక్కుంటూ ఈ బల్ల దగ్గరికి వచ్చిందట. అంతసేపూ ఏడవకుండా నా పిలుపు కోసమే కూర్చుంది.

అంతలో అక్క గేట్లోకి వచ్చింది. "తిన్నవా బిడ్డా?" "లే. మేడమ్ పిలువలే." అప్పటికే తల్లిదండ్రులందరికీ జవాబు చెప్పి చెప్పి సొమ్మసిల్లినట్టున్న కరస్పాండెంట్ గారు "బాక్సు పంపకపోతే ఎలాగమ్మా?" అని కసురుకున్నారు. అక్క బిత్తరపోయి నా వైపు తిరిగింది. "నువ్వే కదా సద్ది పంపొద్దని చెప్పినవ్?"

"అయ్యో అక్కా, నేను చద్ది వద్దన్నాను గానీ అన్నం వద్దన్నానా? చద్దంటే రాత్రి మిగిలింది కదా!" అని నవ్వాను. నిజంగానే నవ్వాను. అదొక తమాషా అనీ, అక్క కూడా నవ్వేస్తుందనీ అనుకున్నాను. చుట్టూ ఉన్న ఒకరిద్దరు నవ్వారు కూడా. అక్క మాత్రం నన్నే చూస్తూ నిలబడింది. "అంటే, ఆనాడు అంతమందిల నేనడిగితే, నా బిడ్డకు రాత్రి మిగిలిన బువ్వ కట్టి పంపుతననుకున్నవా చెల్లె?" అంది.

తప్పయిపోయిందక్కా అంటే సరిపోయేది. నేనేం చేశానంటే, "అది కాదక్కా, దీన్ని మాండలిక భేదం అంటారు..." అని పాఠం మొదలుపెట్టాను. ఛీ! ఇప్పటికీ నా నెత్తిన నేనే మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది. మాట తెలియకపోవడం పొరపాటే, ఎవరికైనా జరుగుతుంది. కానీ ఆ మనిషి చేతి వేడన్నం రోజూ తింటూ, ఆవిడ కన్నకూతురికి పాచన్నం పెడుతుందని ఎలా అనుకోగలిగాను? అక్క పాఠం వినకుండానే పిల్లనెత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు స్టాఫ్ రూములో మా తెలుగు మాస్టారు, పంతులు సార్ అనేవాళ్ళం ఆయన్ని, కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు. "అమ్మాయ్, పెద్దల మాట చద్దిమూట అని పిల్లలకు చెప్తావు కదా. అంటే పెద్దలు పాచిపోయిన మాటలు చెప్తారనా? దారిలో ఆకలేస్తే తినమని కట్టిచ్చే మూట తల్లీ అది. ఆవిడన్నదే అసలు మాట." అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. కల్తీ లేని గోదావరి తెలుగు నాది! ఆ బడిలో ఉన్నంతకాలం నా పేరు చద్ది మేడమే.

బుడ్డిది మళ్ళీ రాలేదు. మళ్ళీ తలుపు రెక్క పట్టుకుందట. హాస్టల్ వంటామెను బతిమాలి పులిహోర చేయించుకుని, వేడి చల్లారకుండా పరుగున మెట్లు దిగి వెళ్ళాను. "బుడ్డీ, రేపు నీ పక్కనే కూర్చుని తింటాను, సరేనా?" అన్నాను. అది అమ్మ కొంగు చాటు నుంచి "నువ్వు పిలువవు" అంది. అక్క మిషన్ ఆపలేదు. "ఉండనియ్యండి మేడమ్, ఇష్టం లేనిదాన్ని ఎట్ల పంపుత" అంది. స్టూలు జరిపింది, టీ తెప్పించింది, మర్యాదకేం లోటు చెయ్యలేదు. కానీ మేమిద్దరమే ఉన్నప్పుడు ఆవిడ నన్ను మేడమ్ అనడం అదే మొదటిసారి. చెల్లె అనవా అక్కా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేక టీ తాగేసి వచ్చాను.

పిల్లను పంజాగుట్ట వైపు వేరే బడిలో వేశారు. అక్కడ కుదురుకుంది. ఒకసారి సిటీ బస్సులోంచి కనబడింది, వేరే రంగు యూనిఫాంలో, పక్కపిల్లతో కబుర్లు చెప్పుకుంటూ, సద్దిగిన్నె ఊపుకుంటూ. అక్క కోరుకున్నది జరిగింది. నా వల్ల కాకపోయినా జరిగింది, అదే చాలనుకున్నాను. కళ్ళు తుడుచుకుంటుంటే పక్కసీటావిడ "దుమ్మమ్మా, మెట్రో దుమ్ము" అని ఓదార్చింది. అక్క నా జాకెట్లు కుడుతూనే ఉండేది. నా పెళ్ళి జాకెట్టు కూడా ఆవిడ చేతిదే, ఎక్కడా ఒక్క ముడత లేదు. ఇచ్చేటప్పుడు "సల్లగుండండి మేడమ్" అంది. అప్పుడైనా ఆ చేతులు పట్టుకుని చెప్పాల్సింది. థాంక్సక్కా అని మాత్రం అన్నాను. పెళ్ళయి వేరే కాలనీకి వెళ్ళి, మళ్ళీ అటు వచ్చేసరికి ఆ బిల్డింగే పడగొట్టేశారు. వాళ్ళెక్కడికి పోయారో చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నా కూతురు ఒకటో తరగతి. ఇన్నేళ్ళలో నా కల్తీ లేని తెలుగులోకి జర, మస్తు, ఫికర్ ఎప్పుడు వచ్చి కూర్చున్నాయో నాకే తెలియదు. ఈ జూన్‌లో బడి తెరిచిన రోజు పొద్దున్నే మా అమ్మ ఊరి నుంచి ఫోను చేసి "ఏం చేస్తున్నావే?" అంది. పొయ్యి మీద గరిటె తిప్పుతూ "పిల్లకు సద్ది కడుతున్నానమ్మా" అన్నాను. అటు నుంచి గావుకేక. "ఓసి నీ దుంపతెగ! బంగారంలాంటి పిల్లకి చద్ది పెడుతున్నావా? ఇదేనే నేను నీకు నేర్పింది?" స్పీకర్లో అమ్మ ఇంకా తిడుతూనే ఉంది. నేను స్టవ్ పట్టుకుని పడీ పడీ నవ్వాను. ఈ సంగతి వెంటనే టైలరక్కకు చెప్పాలి, మిషన్ ఆపి మరీ నవ్వుతుంది అనుకున్నాను. ఆ తర్వాత, చెప్పడానికి ఆవిడ ఎక్కడుందో తెలియదని గుర్తొచ్చింది. అయినా నోరు ఊరుకోదు కదా. "మా అమ్మ సుత నన్ను గట్లనే అనుకుంది అక్కా" అని పైకే అనేశాను.

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" అంది నా కూతురు, బూట్ల లేసులు కట్టుకుంటూ. నవ్వేసి, వేడి తగ్గకముందే సద్దిగిన్నె మూత బిగించి చేతికిచ్చాను.