సాయన్న నాలుగుల లెక్క

సాయన్నకు ఒకటి తర్వాత రెండు రాదని ఎల్లారెడ్డి చుట్టుపక్కల వెక్కిరించేవారు. ఆయనకు రాక కాదు, పలకడు. వాళ్ల కురుమ ఇళ్లలో గొర్రెలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. పెడితే దిష్టి తగిలి మంద పలచబడుతుందని భయం. అందుకని దొడ్డి నుంచి వదిలేటప్పుడు కర్ర అడ్డం పెట్టి నాలుగేసి విడదీసేవాడు. నాలుగు, ఎనిమిది, పన్నెండు, పదహారు, ఇరవై. ఇరవైకి ఒక గులకరాయి రుమాల్లో వేసుకుని ఆపై లెక్క సాగించేవాడు.

అందులో ఒక రాగం ఉందనేవాడు. చివరి అంకెలు నాలుగు, ఎనిమిది, రెండు, ఆరు, సున్న. ఎంత దూరం పోయినా అవే, అదే వరసలో. ఇరవై నాలుగు, ఇరవై ఎనిమిది, ముప్పై రెండు... మధ్యలో తప్పితే చెవికే తెలిసిపోతుంది. ఆఖర్న ఒకటో రెండో మూడో మిగిలితే అవి లెక్కలోకి రావు. కురుమల దేవుడు బీరప్పవి. వాటిని మాత్రం ముఖం చూసి గుర్తుపెట్టుకోవాలి.

ఈ ఆఖరి ముక్కే ఆయన కొంప ముంచింది.

నిజాంసాగర్ కట్ట పూర్తయిన ఏడెనిమిదేళ్లకు రోగమొచ్చి మంద సగానికి సగం పోయింది. మిగిలినవాటిని కామారెడ్డి అంగడిలో ఎంతొస్తే అంతకు ఇచ్చేసి, సాయన్న కూలీలకు పెద్దయ్యాడు. మంజీర ఏటి అవతల దొర చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లను పొద్దున గుండ్రటి పుట్టి పడవ ఎక్కించి దాటించాలి, సాయంత్రం తిరిగి తేవాలి. మనుషులను కూడా నాలుగేసే లెక్కపెట్టాడు. ఎవరూ కాదనలేదు. ఒక్కొక్కరిని వేలు పెట్టి లెక్కపెట్టడం వాళ్లకూ ఇష్టం లేదు.

శ్రావణంలో ఒక పొద్దున ఐదు జట్లు కుదిరాక ఒకతె మిగిలింది. గౌరవ్వ బిడ్డ ఈరవ్వ. తల్లికి జ్వరమొస్తే బదులు వచ్చింది. సాయన్న ఆమె ముఖం చూసి నవ్వాడు.

"నువ్వు బీరప్ప పాలుకు వచ్చినవే పొల్లా."

"బీరప్ప కూలి ఇస్తడా మామా?" అంది.

మధ్యాహ్నం దాటాక వాన పట్టుకుంది. మంజీర ఎర్రబడింది. ఆడవాళ్లు గొంగళ్లు ముసుగేసుకుని గట్టుకు పరుగెత్తుకొచ్చారు. పుట్టి నడిపే రాజన్న, "జల్దీ అన్నా, జల్దీ! ఇంకింత పెరిగితె నేను తియ్య" అని అరుస్తున్నాడు. సాయన్న ముసుగులను నాలుగేసి విడదీశాడు. రాగం ఇరవై దగ్గర, సున్న మీద, చక్కగా ఆగింది. ఏమీ మిగల్లేదు. మిగల్లేదంటే ఒకతె తక్కువని ఆయనకు తట్టలేదు. అందరినీ రెండు దఫాలుగా దాటించేశాడు.

ఇవతలి గట్టు మీద గౌరవ్వ జ్వరంతోనే నిలబడి ఉంది. ముసుగులు ఒక్కొక్కటే లాగి చూసింది.

"సాయన్నా, నా బిడ్డేది?"

"ఇర్వై వచ్చిన్రు గౌరవ్వా. లెక్క సక్కగ కుదిరింది."

"నీ లెక్కల మన్ను వొయ్య! బిడ్డ యాడున్నదంటె లెక్క చెప్తవేంది?"

"బర్రెకు గడ్డి కోస్తనని చేనవతలకు వొయింది. ఎనకనే వస్తున్నదనుకున్న" అంది కూలీల్లో ఒకామె, మెల్లగా.

రాజన్న అప్పటికే పుట్టిని బోర్లించేశాడు. "నేను పోను. కాళ్లు వట్టుకున్నా పోను. నాకూ పిల్లలున్నరు." తప్పు పట్టడానికి లేదు. చెట్లకు చెట్లు కొట్టుకొస్తున్నాయి. సాయన్న ఈతకు కట్టుకునే ఎండు సొరబుర్రలు నడుముకు బిగించి, ఎగువకు నడిచి ఏట్లో దిగాడు. ఎక్కడ తేలాడో ఎక్కడ మునిగాడో గట్టు మీది వాళ్లకు కనబడలేదు.

తెల్లారి వరద కాస్త తీశాక రాజన్న పోయి ఇద్దరినీ తెచ్చాడు. ఈరవ్వ తుమ్మచెట్టు ఎక్కి కూర్చుందట. ఒళ్లంతా ముళ్లు. కింద మొదలు పట్టుకుని ఛాతీలోతు నీళ్లలో సాయన్న. గౌరవ్వ బిడ్డను చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. సాయన్న వైపు చూడలేదు.

ఊళ్లో ఎవరూ ఆయన్ను తిట్టలేదు. పిల్ల బతికింది కదా, పాపం ఏట్లో దూకాడు కదా అన్నారు. అన్నవాళ్లెవరూ ఆ రాత్రి తుమ్మచెట్టు మీద లేరు.

ఏరు తగ్గాక మళ్లీ కూలికి పిలిచారు. సాయన్న పుట్టి ముందు నిలబడి మొదటామె భుజం తట్టి "ఒకటి" అన్నాడు. ఆమె ఉలిక్కిపడింది. పక్కనున్నామె చటుక్కున వెనక్కి జరిగింది.

"ఏందన్నా గిది? గత్తర రోగమొచ్చి సచ్చిన పీనుగులను లెక్కవెట్టినట్టు ఒక్కొక్కలను లెక్కవెడుతవా?"

"గిట్లయితెనే తీస్కపోత. లేకుంటె నాతోని కాదు."

"అయితె మేమే రాం. పిల్లల తల్లులం."

గౌరవ్వ అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. జ్వరానికి చిక్కి సగమైంది.

"నన్ను లెక్కవెట్టు. దిష్టి తగిలితె ఇంట్ల పండి సస్త. ఇంటికైతె వస్త గద."

"రెండు" అన్నాడు సాయన్న.

ఆమె వెనక ఇంకొందరు వచ్చారు. ఎక్కువమంది రాలేదు. గొంగళ్లు దులుపుకుని, కూలి పోతే పోయిందని ఊరివైపు నడిచారు. సాయన్న వాళ్లను వెనక్కి పిలవలేదు.

ఆ రోజు పుట్టి సగం ఖాళీగా దాటింది.