అవ్వ కింది పెదవి

సిరొంచ బజారులో మా ఇంటికి ఎదురుగా ఒక కిరాణా కొట్టు ఉండేది. ఎనభైల మొదట్లో దాని యజమాని తన తల్లి బొమ్మ గీయమని నన్ను అడిగాడు. భర్త పోయాక ఆ కొట్టునూ పిల్లలనూ ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి ఆమె. ఊళ్లో అందరమూ అవ్వ అనే పిలిచేవాళ్లం.

గీయడానికి చింతపుల్లల్ని మూత బిగించిన డబ్బాలో పెట్టి, పొయ్యి నిప్పుల్లో కాల్చి బొగ్గు చేసుకునేదాన్ని. కళ్లూ ముక్కూ తొందరగానే వచ్చాయి. నోరే రాలేదు. నేను గీస్తున్నానని తెలియగానే అవ్వ పెదవులు బిగించి, ఫొటోకు కూర్చున్నట్టు కూర్చునేది. ఒక ఉదయం కొట్లో కొడుకు తూకం తక్కువేయడం చూసి, "ఏందిరా గది? మంచిగ జోకు!" అని గద్దించింది. కింది పెదవి ఒక పక్కకు లాగినట్టయింది. అదే అవ్వ. గబగబా కాగితం మీదికి తెచ్చాను.

సాయంత్రం కొడుకు మా ఇంటికి వచ్చి చూశాడు. "మా అవ్వ కొట్లాటకు వొయినట్టున్నది. జర నవ్వేటట్టు గియ్యరాదు?" అంటూ, నేను ఆపేలోపే బొటనవేలితో ఆ నోటిని తుడిచేశాడు.

"నేనొచ్చి నీ దుకాణంల సామానంత గిట్లనే కలిపేస్తె ఊకుంటవా అన్నా?" అని అరిచాను.

"బొగ్గే కద చెల్లె, మల్ల గీస్తె ఒడుస్తది" అని నవ్వాడు.

ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది. ఈసారి సిరాతో గీస్తాను, ఎవరు తుడుస్తారో చూస్తాననుకున్నాను. సిరాతో ఒక్క గీత తప్పినా దిద్దుకోవడం ఉండదు. కలం కాస్త ఆగితే చాలు, సిరా కాగితంలోకి పాకిపోతుంది. కోపంతో కలాన్ని గట్టిగా నొక్కేదాన్ని. ఎన్నో కాగితాలు చింపేశాక ఒకటి కుదిరిందనిపించి అవ్వకు చూపించాను.

ఆమె చాలాసేపు చూసింది. "గీ కోపం నాది గాదు బిడ్డా, నీది" అంది.

ఆమె మీద కూడా మండిపడ్డాను. కానీ కాగితం వైపు మళ్లీ చూస్తే ఆ కనుబొమల ముడి నాదే. అవ్వ పీట లాక్కుని కూర్చుంది. "వాణ్ని నేను తిడుత. నువ్వు నన్నే చూడు" అని కొడుకును కేకేసింది. ఆమె తిట్టింది, నేను గీశాను. కొద్ది గీతల్లోనే ఆ పెదవి వచ్చింది. "గిది నేనే" అని అవ్వ దాన్ని తన అర్రలో గోడకు పెట్టించుకుంది.

ఆమె పోయాక కొడుకు కొట్లో రంగులద్దిన ఫొటో తగిలించాడు. గులాబీ బుగ్గలు, ఆమె ముఖంలో నేనెన్నడూ చూడని చిరునవ్వు. నా బొమ్మ ఏదని అడిగితే, "పాతగైంది, పారేసినం" అన్నాడు.

"మీ అవ్వ మొఖం ఒక్కపారన్న సక్కగ చూసినవా అన్నా?" అని సరుకులకొచ్చిన గిరాకీల ముందే అడిగేశాను. ఆ రోజు నుంచి నేను ఆ కొట్టు మెట్లు ఎక్కలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటాయి.