ఉతకని చొక్కాల ఫొటోగ్రాఫరు

పావగడ బస్టాండు నుంచి కొండ వైపు వెళ్ళే సందులో ఓబులేష్ స్టూడియో ఉంది. స్టూడియో పేరు చెప్పి అడిగితే ఎవరూ దారి చూపించరు. "పశువుల ఫొటోలాయన" అంటే చాలు, ఆటోవాళ్ళు ఎక్కించుకుని సరిగ్గా తలుపు ముందు దించుతారు. మొదట్లో ఈ పేరు ఆయనకు నామోషీగా ఉండేది. ఎన్నో పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసిన మనిషి, పెళ్ళికూతుళ్ళ చేత గడ్డం కింద చెయ్యి పెట్టించి పెట్టించి అలసిపోయిన మనిషి, చివరికి మేకలతో, ఎద్దులతో పేరు తెచ్చుకోవడమేమిటని బాధపడేవాడు. ఇప్పుడు ఎవరైనా ఆ పేరుతో పిలవకపోతేనే అలుగుతాడు.

ఈ పని ఆయన వెతుక్కుంటూ వెళ్ళింది కాదు. సోలార్ పార్కు వచ్చిన కాలంలో దానంతట అదే వచ్చింది. తిరుమణి చుట్టుపక్కల ఊళ్ళ భూములు లీజుకు పోయాయి. వేరుశనగ వేసే చేలల్లో నల్లటి పలకలు వరసగా నిలబడ్డాయి. రైతులు ఇష్టపడే ఇచ్చారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. బోరు వేసిన ప్రతిసారీ దుమ్ము తప్ప నీళ్ళు చూడనివాళ్ళకు ఆ ఇష్టం అర్థమవుతుంది, మనబోటి వాళ్ళకు కాదు. అయితే దున్నే చేను లేనప్పుడు ఎద్దులెందుకు, మేపే బీడు లేనప్పుడు గొర్రెలెందుకు? అమ్ముకున్నారు. అమ్మే ముందు ఒక ఫొటో కావాలని ఓబులేష్ దగ్గరికి వచ్చారు.

ఫోన్లో తీసుకోవచ్చు కదా అని మీరడగవచ్చు. తీసుకున్నారు కూడా. కానీ ఫోను బావిలో పడితే ఎద్దు కూడా పోతుంది. గోడకు మేకు కొట్టి తగిలించింది మాత్రమే ఫొటో అని ఆ పెద్దవాళ్ళ లెక్క. నాకైతే ఆ లెక్క బాగానే ఉందనిపిస్తుంది.

మొట్టమొదట పిలిచింది అరసికెరె హనుమప్ప. ఆయన పొలం సోలారుకు పోలేదు గానీ, ట్రాక్టరు కొన్న కొడుకు ఎద్దుకు మేత దండగన్నాడు. ఓబులేష్ కెమెరా సంచీతో వెళ్ళేసరికి హనుమప్ప పెళ్ళికొడుకులా తయారై ఉన్నాడు. తలంటుకున్నాడు. గంజి పెట్టిన పంచె, మడత విప్పని తెల్ల చొక్కా, మొహానికి పౌడరు, పైన కొడుకు సెంటు. ఊళ్ళో సగం మంది చూడటానికి వచ్చారు. ఆయన దర్జాగా నడిచి వెళ్ళి ఎద్దు మెడ మీద చెయ్యి వేయబోయాడు. ఎద్దు ఒక్కసారి బుస్సుమని వెనక్కి జరిగింది. మళ్ళీ దగ్గరికి వెళితే పలుపు తెంచుకునేంత పని చేసింది.

జనం నవ్వారు. హనుమప్ప నవ్వలేదు. "దూడప్పటి నుంచి సాకినానప్పా. నన్నే గుర్తు పట్టలేదు చూడు," అని ఓబులేష్‌తో మెల్లగా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూడలేక ఓబులేష్ కెమెరా మూత పెట్టేశాడు.

హనుమప్ప లోపలికి వెళ్ళి కోపంగా చొక్కా విప్పి పారేసి, నిన్నటి మాసిన బనీను తొడుక్కుని, భుజాన పాత తువ్వాలు వేసుకుని బయటికొచ్చాడు. ఫొటో లేదు ఏమీ లేదు, ఎద్దుకు నీళ్ళు పెట్టి తన పని చూసుకుందామనుకున్నాడు. బకెట్టు కింద పెట్టాడో లేదో, ఎద్దు మెడ చాచి ఆయన చంకలో మూతి దూర్చింది. తువ్వాలు మీది చెమట ఉప్పంతా నాకింది. ఓబులేష్ మూత తీసిందెప్పుడో, మీట నొక్కిందెప్పుడో ఆయనకే తెలియదు. ఆ ఫొటో ఇప్పటికీ హనుమప్ప ఇంటి నడవలో ఉంది. ఎద్దు లేదు.

ఆ రోజు నుంచి ఓబులేష్ ఒక కట్టడి పెట్టుకున్నాడు. ఫొటోకు ఉతకని చొక్కా వేసుకోవాలి. నిన్నో మొన్నో పని చేసిన బట్ట కావాలి. మొహానికి సబ్బు కూడా వద్దు. ఈ మాట చెప్పి ఆయన తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. నిడుగల్లు నాగక్క తన మేకతో ఫొటో దిగడానికి పట్టుచీర కట్టుకుని కూర్చుని, "ఫొటోకు పాతచీర కట్టమనేది ఏందప్పా, చూసినోళ్ళు మాకు గతి లేదనుకోరా?" అని దెబ్బలాటకు దిగింది. ఓబులేష్ వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. కాఫీ ఇస్తే తాగాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. చివరికి ఆమే విసిగి చీర మార్చుకుని వచ్చింది. మొండితనంలో ఆయనతో మేకలు కూడా పోటీ పడలేవు.

ఇంకో కట్టడి కూడా ఉంది. చేతిలో బెల్లం ముక్క, ఆకు కట్ట, ఏమీ ఉండకూడదు. "మేత చూపిస్తే యాడోడి దగ్గరికైనా వస్తాది. దాన్ని ఫొటో అనరు, బేరం అంటారు," అంటాడు. తర్వాత నేల మీద చతికిలబడి, ఆ ప్రాణి తనను మరిచిపోయేదాకా కదలకుండా ఉంటాడు. పెళ్ళిళ్ళలో అందర్నీ ఇటు చూడండి అటు చూడండి అని అరిచిన గొంతు ఇదేనా అనిపిస్తుంది.

అట్లాంటి మనిషి దగ్గరికి ఒక రోజు లక్ష్మీదేవమ్మ వచ్చింది. తిరుమణి పక్కనున్న ఒక చిన్న పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, స్టూడియోలో కుర్చీ ఉన్నా గడప దగ్గరే కూర్చుంది. ఆమె భర్త మల్లేశప్ప గొర్రెలు కాసిన మనిషి. మేపే బీళ్ళన్నిటికీ కంచె పడ్డాక మందనంతా అమ్మేశాడు. అమ్మిన రోజు ఒక పిల్ల మాత్రం మిగిలిపోయింది. దాని తల్లి ఈనగానే చచ్చిపోయింది, బతికే పిల్ల కాదని కొనేవాడు దాన్ని ఎత్తి చూడను కూడా లేదు. మల్లేశప్ప దాన్ని తన కంబళిలో చుట్టుకుని సీసాతో పాలు పట్టి బతికించాడు. బుడ్డోడని పేరు పెట్టాడు. ఆ బుడ్డోడు మెలి తిరిగిన కొమ్ముల పొట్టేలయ్యాడు. మంద పోయినా ఆయన మాత్రం రోజూ కంబళి కప్పుకుని, ఆ ఒక్క పొట్టేలును వెంటబెట్టుకుని కంచె పక్కన తిరిగేవాడు.

మొన్న చలికాలంలో మల్లేశప్ప పోయాడు. పొట్టేలు మేత మానేసింది.

"వాళ్ళిద్దరూ కలిసుండే ఫొటో ఒగటీ లేదప్పా," అంది లక్ష్మీదేవమ్మ. "ఆయన్ది ఆధార్ కార్డులో ఉండేదే పెద్దది చేయించి పెట్టినాము. దాంట్లో ఎవురో తరుముకుంటే బెదిరినట్ల ఉంటాడు. నాకు బుడ్డోడి ఫొటో అన్నా ఉండల్ల. ఆదివారానికి మా నందీశ్ దాన్ని మటన్ అంగడికి ఇచ్చేస్తానంటా ఉన్నాడు. ఆ లోపల తీసియ్యి."

ఓబులేష్ మరుసటి రోజే వెళ్ళాడు. నందీశ్ సోలార్ పార్కులో పలకలు కడిగే పని చేస్తాడు. కఠినుడని అనుకోకండి. ఆకు తెచ్చి వేశాడు, పశువుల డాక్టరును పిలిపించి సూదులు వేయించాడు. "ఏ రోగమూ లేదంటాడన్నా డాక్టరు. ఎముకల గూడయిపోయింది. కండ్ల ముందర సచ్చేదాక చూస్తా ఉండమంటే నాతో కాదు," అన్నాడు. అనేటప్పుడు పొట్టేలు వైపు చూడలేదు.

బుడ్డోడు గోడ వారన, వీధి వైపు మొహం పెట్టి పడుకుని ఉన్నాడు. లక్ష్మీదేవమ్మ ఓబులేష్ చెప్పినట్టే ఇంటి పనుల చీరలో వచ్చింది. "బుడ్డోడా," అని పిలిచింది. అది తల తిప్పలేదు. దగ్గరికెళ్ళి వీపు నిమిరింది. చెవి ఒకటి కదిలింది, అంతే. వీధి వైపు చూపు మరలలేదు. ఓబులేష్ తన అలవాటు ప్రకారం నేల మీద కూర్చుని ఎదురుచూశాడు. ఎండ గోడ దిగి వాకిట్లోకి వచ్చింది. పొట్టేలు మాత్రం ఆమె ఉన్నట్టే లెక్కచేయలేదు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "గొర్రెలన్నీ ఆయన పని. నేను వంటింట్లో ఉంటి. దానికి నేనెవురు? బెల్లం పెడతానప్పా. ముక్కు తావ పెడితే తల ఎత్తుతాది. నా దిక్కు చూసినట్ల ఫొటోలో పడితే చాలు. ఎవురికి తెలుస్తాది?"

ఓబులేష్ ఎప్పుడూ లేనిది తటపటాయించాడు. నిజమే, ఎవరికి తెలుస్తుంది? ఆదివారం తర్వాత ఈ ముసలామెకు మిగిలేది ఆ ఒక్క కాగితం. దానికోసం తన కట్టడి ఒకసారి తప్పితే ఏం కొంప మునుగుతుంది? సరే తెమ్మందామని నోరు తెరిచాడు. అప్పుడు హనుమప్ప మాసిన తువ్వాలు గుర్తొచ్చింది.

"అమ్మా, ఆయన దినామూ వేసుకుంటా ఉండింది ఏదన్నా ఉండాదా? ఉతకనిది?"

నందీశ్ అడ్డం వచ్చాడు. "నాయిన బట్టలన్నీ మట్టి చేసిన రోజే గుంత కాడ వేసేసి వచ్చినామన్నా. పోయినోళ్ళ గుడ్డ ఇంట్లో పెట్టుకోము మేము. కీడు."

లక్ష్మీదేవమ్మ కొంచెంసేపు పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళింది. వేరుశనగ మూటలు జరిపిన చప్పుడైంది. బయటికి వచ్చినప్పుడు ఆమె చేతుల్లో నల్ల కంబళి ఉంది. గొర్రె వాసన, పొయ్యి పొగ, బీడీలు, ఎన్నో ఏళ్ళ చెమట, అన్నీ కలిసిన ఘాటు వాకిలంతా కమ్ముకుంది. కొడుకు మొహం చూడలేక ఆమె తల వంచుకుంది.

"అమ్మా, ఇది కూడా వేసేసినామని చెప్తివి కదా," అన్నాడు నందీశ్.

"ఆయన్ని పంపించినాను రా. దీన్ని పంపించలేకపోయినాను."

ఆమె కంబళిని మల్లేశప్ప కప్పుకున్నట్టే తల మీదుగా ముసుగేసుకుని, ఆయన కూర్చున్నట్టే గొంతుక్కూర్చుంది. ఎవరూ దాన్ని పిలవలేదు. పొట్టేలు చెవులు రెండూ నిలబడ్డాయి. మొదటిసారి వీధి వైపు నుంచి తల తిప్పింది. ముందు కాళ్ళు వణుకుతుండగా లేచి, తడబడుతూ వచ్చి, కంబళి అంచు వాసన చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత అంత పొట్టేలూ పాలు తాగే పిల్లలా మోకాళ్ళ మీద వంగి, కొమ్ములతో సహా తల కంబళి కిందికి దూర్చేసింది.

లక్ష్మీదేవమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది. చాలాసేపటికి ఆమె చెయ్యి ఒకటి బయటికి వచ్చి కొమ్ము మీద ఆనింది. ఓబులేష్ ఒక్కసారే మీట నొక్కాడు. రెండోది తీయడానికి ఆయనకు కళ్ళు కనపడలేదు. ఏడ్చాడని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు, ఆయనకూ లేదు.

నందీశ్ లేచి వెళ్ళి మేతకు దాచిన ఎండు వేరుశనగ కట్టె చారెడు తెచ్చి తల్లి పక్కన పెట్టాడు. ఫొటో అయిపోయింది కాబట్టి ఓబులేష్ వద్దనలేదు. ఆమె కొంచెం తీసుకుని కంబళి కిందికి తోసింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల నుంచి నమిలే చప్పుడు వినిపించింది. ముగ్గురూ దాన్నే వింటూ కూర్చున్నారు.

ఆదివారం వచ్చింది, పోయింది. మటన్ అంగడి మాట నందీశ్ ఎత్తలేదు.

ఫొటోకు చట్రం కట్టించి ఓబులేష్ తనే తీసుకెళ్ళాడు. దారిపొడుగునా ఆయనకు ఒకటే దిగులు. ఆ ఫొటోలో ఆమె మొహం లేదు. ముసుగులో నీడ మాత్రమే ఉంది. కనిపించేదల్లా కంబళి, దాని కిందికి దూరిన పొట్టేలు, కొమ్ము మీద ఒక చెయ్యి. "నీ మొగం పడలేదమ్మా. కావాలంటే ఇంగోసారి తీస్తా," అన్నాడు ఇస్తూనే.

ఆమె ఫొటోను ఒళ్ళో పెట్టుకుని చూసింది. తర్వాత లేచి, ఆధార్ కార్డు ఫొటో పక్కన నందీశ్ చేత మేకు కొట్టించి దాన్ని తగిలించింది. దేవుడి గూట్లో నుంచి కుంకుమ భరిణె తెచ్చింది. వేలితో కొంచెం తీసి, పొట్టేలుకు తగలకుండా జాగ్రత్తగా, కంబళి ముసుగు ఉన్నచోట అద్దం మీద బొట్టు పెట్టింది.

నందీశ్ ఉలిక్కిపడ్డాడు. "అమ్మా, అది నువ్వు. బతికుండే మనిషి ఫొటోకు బొట్టు పెడతారా ఎవురైనా?"

"నేను యాడుండానురా దాంట్లో?" అంది లక్ష్మీదేవమ్మ. "అది మీ నాయిన."

వేలికి మిగిలిన కుంకుమ కొంగుకు తుడుచుకుంది. వాకిట్లో బుడ్డోడు అరుస్తున్నాడు. మేత వేళయింది. తలుపు పక్కన కొయ్యకు తగిలించిన కంబళి తీసి తల మీద కప్పుకుని ఆమె బయటికి నడిచింది.